సిల్వర్ అంటే ఏ సిల్వర్?

ఆగస్టులో ఇంటికి వెళ్లినప్పుడు నాన్న కారుకి గీత పెట్టాను.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మా పార్కింగ్ ఒక పిల్లర్ పక్కనే ఉంటుంది. పిల్లర్ మూల పగిలిపోకుండా ఇనప యాంగిల్ బిగించారు. లైసెన్స్ వచ్చిన ఉత్సాహంలో నేను రివర్స్ తీస్తుంటే గర్రుమని ఒక సౌండ్. దిగి చూస్తే వెనక డోర్ మీద జానెడు గీత, దాని చుట్టూ తెల్లగా సున్నం మరకలు. కారు సిల్వర్ కలర్. వయసు పదేళ్లు దాటింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నదే అయినా నాన్న ప్రతి ఆదివారం తనే కడుక్కుంటారు. అప్పుడు నేనేం చేశానంటే, యాంగిల్ మీద అంటుకున్న వెండి రంగుని వేలితో తుడిచేసి, కారుని ఎప్పట్లాగే పెట్టేసి, మర్నాడు పొద్దున్నే హాస్టల్‌కి బస్సెక్కేశా.

దసరా సెలవులకి ఇంటికొచ్చేసరికి రెండు జరిగాయి. ఒకటి, వానలకి గీత మధ్యలో గోధుమరంగు చుక్కలు లేచాయి. తుప్పు. రెండు, ఆ గీత సరిగ్గా పిల్లల సైకిల్ హ్యాండిల్ ఎత్తులో ఉండటంతో అది వాచ్‌మన్ వాళ్ల అబ్బాయి పనే అని నాన్న అనుకున్నారు. తిట్టలేదట. "సెల్లార్‌లో తొక్కకురా, కార్లుంటాయి" అన్నారట, అంతే. వాడికి ఏడేళ్లు. అప్పట్నుంచి వాడి సైకిల్ మెట్ల కింద గోడకి ఆనించే ఉంది. అమ్మ ఈ సంగతి పెసరట్టు వేస్తూ మామూలుగా చెప్పింది. నాకు ముద్ద దిగలేదు.

ముందు గీత బాగుచేసేద్దాం, తర్వాత చెబుదాం అనుకున్నా. ఆ ఆర్డర్ తప్పని తర్వాత తెలిసిందనుకోండి. కానీ ఆ సెలవుల్లో కారు పెయింట్ గురించి చాలా నేర్చుకున్నా. మన బ్యాచ్‌లో బండి ఉన్నవాళ్లు, నాన్న బండి తీసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరికైనా ఉపయోగపడుతుందని రాస్తున్నా. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే కాబట్టి తెలుగులో ఎక్కడైనా తప్పులుంటే ఎడిటర్ గారు దిద్దుతారని నమ్మకం.

రంగు కింద ఏముంది?

మనం కారు రంగు అనుకునేది నిజానికి నాలుగు పొరలు. అన్నిటికన్నా కింద ఉక్కు రేకు. దాన్ని రసాయనాలతో శుభ్రం చేసి, ఫాస్ఫేట్ పూత పెట్టి, బాడీ మొత్తాన్ని ఒక పెద్ద తొట్టిలో ముంచి కరెంట్ పంపిస్తారు. అప్పుడు పెయింట్ కణాలు రేకుకి మూలమూలలా అంటుకుంటాయి. దీన్ని ఈ-కోట్ అంటారు. తుప్పుని ఆపేది ముఖ్యంగా ఇదే. మందం సుమారు 20 మైక్రాన్లు. దాని మీద ప్రైమర్, 30 నుంచి 40 మైక్రాన్లు. దాని మీద బేస్ కోట్. మనకి కనిపించే రంగు ఈ పొరలోనే ఉంటుంది, కానీ మందం 15, 20 మైక్రాన్లే. ఆఖరున అద్దంలాంటి క్లియర్ కోట్, 40 నుంచి 50 మైక్రాన్లు. ఎండ నుంచి కాపాడేది, మెరుపునిచ్చేది ఇదే.

మొత్తం కలిపితే 100 నుంచి 150 మైక్రాన్ల దాకా వస్తుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే లక్షల రూపాయల కారుకీ వానకీ మధ్య ఉన్నది రెండు వెంట్రుకల దూరం.

అందుకే గీత పడగానే చూడాల్సింది దాని పొడవు కాదు, లోతు. దీనికి ఒక సింపుల్ టెస్ట్ ఉంది. గీతకి అడ్డంగా గోరు మెల్లగా లాగండి. గోరు ఎక్కడా తట్టుకోకపోతే అది క్లియర్ కోట్ మీద మాత్రమే ఉన్నట్టు. రబ్బింగ్ కాంపౌండ్‌తో పాలిష్ చేస్తే చాలావరకు పోతుంది, పెయింట్ అక్కర్లేదు. గోరు తట్టుకుని లోపల బూడిద రంగో ఇంకో రంగో కనిపిస్తే ప్రైమర్ దాకా వెళ్లినట్టు. మెరిసే లోహం కనిపిస్తే రేకు బయటపడినట్టు. ఈ మూడోది అయితే వాయిదా వేయకూడదు. ఇనుము, నీళ్లు, గాలి కలిస్తే తుప్పు ఎలాగూ పడుతుంది. అసలు సమస్య ఏంటంటే, తుప్పు తను తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. దాంతో పక్కనున్న మంచి పెయింట్‌ని కూడా కింద నుంచి పైకి లేపేస్తుంది. పైకి చుక్కే కనిపిస్తుంది, లోపల మాత్రం పాకుతూ ఉంటుంది. నేను ఆగస్టులోనే చెప్పి ఉంటే తుప్పు గీకే పని ఉండేది కాదు.

ఇంకో మాట. గీతలా కనిపించేదంతా గీత కాదు. నా కేసులో తెల్లటి మరకలన్నీ పిల్లర్ సున్నమే. తడిగుడ్డ, కొంచెం కాంపౌండ్‌తో అవి పోయాయి. జానెడు గీతలో నిజంగా లోతైనది నాలుగు వేళ్ల వెడల్పే.

నేను చేసిన తెలివైన పని

కంప్యూటర్ సైన్స్ స్టూడెంట్‌ని కదా. ఫోన్‌తో డోర్ ఫొటో తీసి, కలర్ పికర్‌లో పెట్టి హెక్స్ కోడ్ లాగా. దానికి దగ్గరగా కనిపించిన సిల్వర్ టచప్ బాటిల్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టా. రెండు రోజుల్లో వచ్చింది. మూతకున్న బ్రష్‌తోనే గీత మీద పూసేశా. ఆరాక చూస్తే వెండి డోర్ మీద విభూతి పెట్టినట్టుంది. గీత కన్నా ఘోరం.

ఎందుకలా అయిందో తర్వాత చదివితే మన సబ్జెక్ట్ మీదే నవ్వొచ్చింది. అదే డోర్‌ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ట్యూబ్‌లైట్ కింద ఒకసారి ఫొటో తీశా. మూడు హెక్స్ కోడ్‌లు వచ్చాయి. కెమెరా తనంతట తానే వైట్ బ్యాలెన్స్ మార్చేస్తుంది. పైగా సిల్వర్ కారు అంటే సగం అద్దం. నేను కొలిచింది కారు రంగుని కాదు, దాంట్లో కనపడుతున్న ఎదురుగోడ రంగుని.

దాన్ని సరిచేసినా ఇంకో చిక్కుంది. ఆర్.జి.బి. అంటే మూడు అంకెలు. పెయింట్ మీద పడే వెలుగులో బోలెడు తరంగదైర్ఘ్యాలుంటాయి. ఒక్కోదాన్ని పెయింట్ ఎంత మింగుతుంది, ఎంత తిప్పి కొడుతుంది అన్నదే దాని అసలు రంగు. ఆ మొత్తం గ్రాఫ్‌ని మూడు అంకెలకి కుదిస్తే చాలా సమాచారం పోతుంది. అందుకే రెండు పెయింట్లు ట్యూబ్‌లైట్ కింద ఒకేలా ఉండి, ఎండలోకి రాగానే వేరైపోతాయి. దీన్ని మెటామెరిజం అంటారు. పేరు కొత్తదైనా సంగతి మన అమ్మలందరికీ తెలుసు. మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లినప్పుడు చీర, జాకెట్ ముక్క రెండూ పట్టుకుని షాపు బయటికొచ్చి రోడ్డు మీద చూస్తారే, అదే ఇది.

రంగులు కలపడం కూడా మన కోడ్‌లో కలిపినట్టు ఉండదు. నీలం అంటే 0, 0, 255. పసుపు అంటే 255, 255, 0. రెండిటికీ సగటు తీస్తే 127, 127, 127 వస్తుంది. బూడిద రంగు. కానీ డ్రాయింగ్ క్లాసులో నీలం, పసుపు వాటర్ కలర్స్ కలిపితే ఆకుపచ్చ వచ్చింది కదా? పెయింట్‌లోని పిగ్మెంట్ వెలుగుని మింగుతుంది, చెదరగొడుతుంది. ఈ రెండిటినీ లెక్కలోకి తీసుకుని 1931లో కుబెల్కా, ముంక్ అనే ఇద్దరు ఒక సిద్ధాంతం ఇచ్చారు. పెయింట్ కలపడానికి రెసిపీ లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లకి ఇప్పటికీ పునాది అదే. విచిత్రం ఏంటంటే, మన స్క్రీన్ రంగులన్నిటికీ మూలమైన సి.ఐ.ఇ. కలర్ స్పేస్ కూడా 1931దే.

నెమలికంఠం లెక్క

విభూతి పూసిన రోజు సాయంత్రమే నాన్న సెల్లార్‌కి వచ్చారు. చేతిలో బాటిల్‌తో నేను. డోర్ మీద మచ్చ.

"ఏంట్రా ఇది?"

చెప్పేశా. ఆగస్టు నుంచీ మొత్తం. పిల్లర్ తుడిచింది కూడా. నాన్న కాసేపు మచ్చ వంకే చూశారు. కారు గురించి ఏమీ అనలేదు. "వాడికి చెప్పావా?" అని అడిగారు. చెప్పలేదన్నా. ఇంకేం మాట్లాడకుండా పైకి వెళ్లిపోయారు. తిడితే బావుండేది.

మర్నాడు పొద్దున ఆయనే "పద" అని ఆటోనగర్ తీసుకెళ్లారు. విజయవాడ ఆటోనగర్ చూడనివాళ్లకి చెప్పాలంటే, లారీ నుంచి బైక్ దాకా ఏ బండికి ఏం కావాలన్నా దొరికే ఊరు లాంటి చోటు. అక్కడ పెయింట్ కలిపే షాపులో ఒకాయన ఉన్నారు. నాన్న వయసే ఉంటుంది. నేను బిల్డప్‌గా "బాబాయ్, సిల్వర్ కలర్ టచప్ కావాలి" అన్నా.

"సిల్వర్ అంటే ఏ సిల్వర్? కోడ్ తెచ్చావా బాబూ?"

ఆయన చెప్పింది ఇది. ప్రతి కారుకీ పెయింట్ కోడ్ ఉంటుంది. కొన్ని బండ్లకి డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్తంభం మీద, కొన్నిటికి బానెట్ కింద ప్లేట్ మీద రాసి ఉంటుంది. సుజుకి వాళ్ల సిల్కీ సిల్వర్ అయితే జెడ్2ఎస్, సుపీరియర్ వైట్ అయితే 26యు. టొయోటా సూపర్ వైట్ 040. ఒకే కంపెనీ వేర్వేరు సంవత్సరాల్లో వేర్వేరు సిల్వర్లు వాడుతుంది కాబట్టి పేరు చెబితే చాలదు, కోడే కావాలి. కోడ్ ఇస్తే ఏ టింటర్ ఎన్ని గ్రాములు వెయ్యాలో కంప్యూటర్ చూపిస్తుంది. తక్కెడ మీద డబ్బా పెట్టి గ్రాముల లెక్కన పోసుకుంటూ వెళ్తారు.

అయితే కోడ్ సగం పనే చేస్తుంది. ఫ్యాక్టరీలో బ్యాచ్ మారితే రంగు కొంచెం మారుతుంది. అందుకే ఒకే కోడ్‌కి కొంచెం ముదురు, కొంచెం నీలం వైపు అంటూ రకరకాల వేరియంట్లు ఉంటాయి. దానికి తోడు పదేళ్లు మన ఎండలో ఉన్న కారు, కొత్తప్పుడు ఉన్న రంగులో ఉండదు. కాబట్టి ఆయన మొదట మా పెట్రోల్ మూత దగ్గర చిన్న చోటుని కాంపౌండ్‌తో రుద్ది, పైన పట్టిన మాసినదంతా తీసేసి, అసలు రంగు బయటికి తెచ్చారు. మ్యాచింగ్ దానితో చెయ్యాలన్నమాట, దుమ్ముతో కాదు.

తర్వాత కలిపిన రంగుని ఒక అట్టముక్క మీద స్ప్రే చేసి, ఆరబెట్టి, దాని మీద క్లియర్ కూడా కొట్టి, అప్పుడు డోర్ పక్కన పెట్టారు. డబ్బాలోని తడి రంగుని చూసి సరిపోయిందో లేదో ఎప్పుడూ చెప్పకూడదు. బేస్ కోట్ ఆరితే మాసినట్టుగా, మెరుపు లేకుండా ఉంటుంది. క్లియర్ పడ్డాకే అసలు రంగు తెలుస్తుంది. ఆయన ఆ అట్టని నీడలో చూశారు, ఎండలో చూశారు, ఎదురుగా నిలబడి చూశారు, పక్కకి వంగి చూశారు. "ఎదర నుంచి సరిపోయింది, పక్క నుంచి నల్లగా ఉంది" అని ఇంకో రెండు చుక్కలేవో వేశారు. మళ్లీ కొత్త అట్ట. మూడో అట్టకి "ఆఁ" అన్నారు.

పక్క నుంచి చూడటం ఎందుకంటే, సిల్వర్‌లో ఉండేవి సన్నటి అల్యూమినియం రేకులు. ఒక్కోటీ చిన్న అద్దం. అవి పడుకున్న తీరుని బట్టి ఎదురుగా ఒక రంగు, వాలుగా ఇంకో రంగు కనిపిస్తుంది. దీన్ని ఫ్లాప్ అంటారు. నెమలికంఠం పట్టుచీర గుర్తు తెచ్చుకోండి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు కాబట్టి ఒకవైపు నుంచి నీలం, ఇంకోవైపు నుంచి ఆకుపచ్చ కొడుతుంది. కారణం వేరైనా కంటికి జరిగేది అదే. పెర్ల్ రంగుల్లో అల్యూమినియం బదులు పూత పూసిన అభ్రకం ముక్కలుంటాయి. అవి ఇంకా కష్టం. మామూలు తెలుపు, ఎరుపు లాంటి సాలిడ్ రంగులు అన్నిటికన్నా తేలిక. వాటిలో రేకులుండవు.

పెద్ద షాపుల్లో దీనికి స్పెక్ట్రోఫొటోమీటర్ అనే మెషిన్ ఉంటుంది. 15, 45, 110 డిగ్రీల లాంటి కోణాల్లో రంగుని కొలుస్తుంది. కొలిచిన రంగుకీ, కలిపిన రంగుకీ తేడాని డెల్టా ఈ అనే ఒక్క అంకెలో చెబుతుంది. 1976లో వచ్చిన సీలాబ్ అనే కలర్ స్పేస్‌లో ఒక్కో రంగు ఒక్కో పాయింట్. రెండు పాయింట్ల మధ్య దూరమే డెల్టా ఈ. మనం ఇంటర్‌లో చేసిన డిస్టెన్స్ ఫార్ములానే, మూడు యాక్సిస్‌లతో. అది సుమారు 1 లోపు ఉంటే మామూలు కంటికి తేడా దొరకడం కష్టం. బాబాయ్ దగ్గర మెషిన్ లేదు. మూడు అట్టముక్కలు, ఎండ, వంగి చూసే ఓపిక ఉన్నాయి.

పూత: వరసగా

రంగు దొరికింది కదా, ఇక పూయడం. ఆయన చెప్పింది, నేను చేసింది కలిపి రాస్తున్నా. సామాన్లన్నీ వెయ్యి రూపాయల లోపే అయ్యాయి. నిజంగా ఖర్చయ్యేది టైమే.

1. కడగండి. షాంపూతో కడిగి బాగా ఆరబెట్టండి. తర్వాత గీత చుట్టూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. వ్యాక్స్, నూనె, వేలిముద్ర ఏది మిగిలినా పెయింట్ పట్టదు. ఈ స్టేజ్ తర్వాత అక్కడ చెయ్యి పెట్టొద్దు.

2. తుప్పు తీయండి. సన్నటి వాటర్ పేపర్‌ని చిన్న ముక్కగా మడిచి, గీత లోపల మాత్రమే గీకాలి. మెరిసే రేకు కనపడేదాకా వదలొద్దు. తుప్పు మీద పెయింట్ వేస్తే లోపల దాచినట్టే, ఆపినట్టు కాదు. గీత అంచుల్లో లేచిపోయిన పెయింట్ ఉంటే అదీ తీసేయాలి. తర్వాత మళ్లీ ఆల్కహాల్.

3. ప్రైమర్. రేకు బయటపడితే ఇది తప్పనిసరి. సన్నటి పూత ఒక్కటి చాలు. రేకు బయటపడకపోతే అక్కర్లేదు. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి దానికి తుప్పు భయం లేదు కానీ, ప్లాస్టిక్ బయటపడితే దానికోసం అమ్మే వేరే ప్రైమర్ వెయ్యాలి.

4. రంగు. బాటిల్‌ని రెండు మూడు నిమిషాలు బాగా ఊపండి. రేకులు అడుగున కూర్చుని ఉంటాయి. మూతకున్న బ్రష్ వాడొద్దు, అది గీతకి మరీ లావు. బాబాయ్ చిట్కా: అగరొత్తి పుల్లని చెక్కి మొన చెయ్యండి. దాని కొసకి చుక్క తీసుకుని గీత లోపల పెట్టండి, రంగు తనే పాకుతుంది. గీత బయట మంచి పెయింట్ మీద పడకూడదు. నేను విభూతి పెట్టింది ఇక్కడే. గీతని నింపాలి, డోర్‌కి పూయకూడదు.

5. ఆగండి. పెయింట్‌లో చాలా భాగం ఎగిరిపోయే థిన్నర్. ఆరాక పొర కిందకి కుంగిపోతుంది. అందుకే ఒకేసారి మందంగా పెట్టకుండా, అరగంటకోసారి పలచగా మూడు నాలుగు పొరలు వెయ్యాలి. మందంగా పెడితే పైన తొక్క కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. రంగు చుట్టుపక్కల కన్నా ఒక్క రవ్వ లోతుగా ఉన్నప్పుడే ఆపేయండి. ఆ ఖాళీ క్లియర్ కోసం.

6. క్లియర్. అదే పద్ధతిలో పలచగా రెండు మూడు పొరలు. ఈసారి పక్కవాటి కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా రావాలి.

7. మళ్లీ ఆగండి. డబ్బా మీద ఎంత రాసి ఉంటే అంత. మేం మూడు రోజులు ఆగాం.

8. లెవెల్ చెయ్యడం. 2000 నంబర్ వాటర్ పేపర్‌ని ఒక రబ్బరు ముక్కకి చుట్టి, సబ్బు నీళ్లలో ముంచి, ఎత్తుగా ఉన్నచోట మాత్రమే చాలా మెల్లగా రుద్దాలి. తర్వాత 3000. చుట్టూ ఉన్న క్లియర్ కోట్ మందం 40, 50 మైక్రాన్లే అని గుర్తుంచుకోండి. ఎక్కువ రుద్దితే అది కూడా పోయి, గీత బదులు పెద్ద మచ్చ మిగులుతుంది. రుద్దినచోట మసకగా అవుతుంది, కంగారు పడొద్దు. కాంపౌండ్‌తో పాలిష్ చేస్తే మెరుపొస్తుంది. ఒక నెల దాకా వ్యాక్స్ వెయ్యొద్దు, లోపలి థిన్నర్ పూర్తిగా పోవాలి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఎండలో కాలిపోతున్న రేకు మీద చేస్తే పెయింట్ పరుచుకోకముందే ఆరిపోతుంది. వాన ముసురులో చేస్తే తేమ చేరి పైన పాలపొరలా తెల్లబడుతుంది. నీడ, పొడి గాలి ఉన్న రోజు చూసుకోండి. థిన్నర్ వాసన మంచిది కాదు, మంట అస్సలు దగ్గర ఉండకూడదు. హార్డెనర్ కలిపే టూ-కే క్లియర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటికి మామూలు మాస్క్ సరిపోదు, ఇంట్లో వాడొద్దు. సొట్ట పడినా, మచ్చ అరచేతి కన్నా పెద్దదైనా, మూడు పూతల పెర్ల్ వైట్ అయినా షాపుకే ఇచ్చేయండి. అక్కడ టింకరింగ్, లప్పం, ప్రైమర్, స్ప్రే అన్నీ పద్ధతిగా చేస్తారు. కొత్త రంగు ఎక్కడ మొదలైందో తెలియకుండా పక్క భాగంలోకి కూడా పలచగా కలిపేస్తారు. పుల్లతో అది మనవల్ల కాదు.

ఈ "లప్పం" అనే మాట నేను మొదటిసారి విన్నది ఆటోనగర్‌లోనే. పుట్టీ అనడమే వచ్చు నాకు. ఇంకో మాట, ఫర్నిచర్ షాపుల్లో, పాత గ్యారేజీల్లో ఇప్పటికీ "డ్యూకో పెయింట్" అంటారు. అది 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన లాక్కర్ పేరు. అంతకుముందు కార్ల రంగు ఆరడానికి రోజులు, వారాలు పట్టేది. ఫోర్డ్ మోడల్ టి 1914 నుంచి 1925 దాకా నలుపులోనే వచ్చింది. త్వరగా ఆరే డ్యూకో వచ్చాకే రోడ్డు మీదకి రంగుల కార్లు ఎక్కువగా వచ్చాయి. ఆ బ్రాండ్ పేరు మన మేస్త్రీల నోట్లో మామూలు మాటైపోయింది.

మూడడుగుల దూరం

ఆటోనగర్ నుంచి రాగానే నేను మొదట చేసింది పెయింట్ పని కాదు. మెట్ల కిందకి వెళ్లా. వాడు హోంవర్క్ రాసుకుంటున్నాడు. వాళ్ల నాన్న కూడా అక్కడే ఉన్నాడు. "ఆ గీత నేను పెట్టిందిరా. నీది కాదు. సారీ" అన్నా. ఇంత పెద్ద విషయం చెబితే వాడు ఒక్కటే అడిగాడు: "అయితే తొక్కొచ్చా?" వాళ్ల నాన్న మాత్రం "ఫర్లేదులే బాబూ" అన్నాడు. ఇన్నాళ్లూ మా కారు దగ్గరికి కొడుకుని వెళ్లనివ్వకుండా చూసుకున్నాడని అమ్మ తర్వాత చెప్పింది. ఆ సాయంత్రం మా నాన్న కూడా కిందకి దిగి వాడితో మాట్లాడారు. ఏం మాట్లాడారో నేను అడగలేదు.

వాటర్ పేపర్ కొట్టిన రోజు సబ్బు నీళ్ల గిన్నె పట్టుకుంది వాడే. మధ్యమధ్యలో సెల్లార్‌లో ఒక రౌండ్ కొట్టొచ్చి "అయిపోయిందా?" అని అడిగేవాడు.

రిజల్ట్ గురించి నిజం చెబుతా. మూడడుగుల దూరం నుంచి చూస్తే గీత కనపడదు. దగ్గరికెళ్లి వంగి చూస్తే కొంచెం ముదురుగా ఒక సన్నటి చార ఉంటుంది. ఫ్యాక్టరీలో స్ప్రే చేసినప్పుడు రేకులు పడుకున్నట్టు, పుల్లతో పెట్టినప్పుడు పడుకోవు. కోడ్ ఎంత కరెక్ట్ అయినా సిల్వర్‌లో ఆ తేడా ఉంటుంది. టచప్ ఉన్నది తుప్పుని ఆపడానికి. గీత పడనట్టు చెయ్యడం దానివల్ల కాదు. మొన్న ఫోన్‌లో నాన్నని "ఇంకా కనపడుతోందా?" అని అడిగితే, "కడిగేటప్పుడు కనపడుతుంది. ఫర్లేదు" అన్నారు.

మీ బండికి గీత పడితే ముందు గోరుతో లోతు చూడండి, తర్వాత కోడ్ చూడండి. హెక్స్ కోడ్ కాదు, డోర్ పక్కన ఉండేది. ఇక ఆ గీత పెట్టింది మీరే అయితే, ప్రైమర్ కన్నా ముందు వెయ్యాల్సిన పొర ఒకటుంది. అది ఆలస్యం చెయ్యకండి.